ప్లాస్టిక్ కప్పులో మద్యం.. అమెరికా చట్టం దృష్టిలో అది ‘తెరిచిన సీసా’తో సమానమేనా?

అమెరికాలో విందు ఎక్కడ జరిగినా బల్ల మీద ఎర్ర ప్లాస్టిక్ కప్పుల దొంతర కనిపిస్తుంది. పుట్టినరోజు వేడుకైనా, పట్టా పుచ్చుకున్న సంబరమైనా, ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు మైదానం బయటి పార్కింగ్ స్థలంలో సాగే సందడి అయినా అవే కప్పులు. లోపల ఉన్నది శీతల పానీయమో, బీరో బయటినుంచి చూసేవారికి తెలియదు. ఆ కప్పును చేతిలో పట్టుకొని వీధిలోకి నడిస్తే నేరమవుతుందా? కారు ఎక్కి కప్‌హోల్డర్‌లో పెడితే ఏమవుతుంది? సీసా కాని, డబ్బా కాని, అసలు సీలన్నదే లేని కప్పును ‘తెరిచిన మద్యం పాత్ర’ అని చట్టం ఎలా అనగలదు?

అత్యధిక రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే. మద్యం పోసిన కప్పు తెరిచిన పాత్రే. కప్పు ప్లాస్టిక్‌తో చేసిందా, కాగితంతో చేసిందా, వాడి పారేసేదా, కడిగి దాచుకునేదా అన్న తేడాలను చట్టం పట్టించుకోదు. అందులో ఏముంది, అది ఎక్కడ ఉంది అన్నవే చూస్తుంది. ఇంకా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కప్పు దగ్గర ఉన్న మనిషి తాగాడా లేదా అన్నదానితోనూ ఈ చట్టానికి పెద్దగా పనిలేదు. గొట్టంలోకి ఊదించి మద్యం మోతాదును లెక్కగట్టే ‘డ్రంక్ అండ్ డ్రైవ్’ తనిఖీలకు అలవాటుపడిన మనవారు అమెరికాలో పొరబడే అవకాశం ఉన్నది సరిగ్గా ఇక్కడే.

నిర్వచనంలోనే ఉంది జవాబు

అమెరికాలో మద్యంపై ప్రధాన అధికారం రాష్ట్రాలదే. 1933లో మద్య నిషేధాన్ని ఎత్తివేసిన 21వ రాజ్యాంగ సవరణ ఆ అధికారాన్ని వాటికి కట్టబెట్టింది. అందువల్ల కార్లలో తెరిచిన మద్యం ఉండరాదని దేశమంతటికీ వర్తించేలా వాషింగ్టన్ నేరుగా శిక్షాచట్టం చేయలేదు. నిధుల మార్గాన్ని ఎంచుకుంది. 1998లో చేసిన రహదారుల చట్టం ద్వారా, నిర్దేశించిన ప్రమాణాలతో ‘ఓపెన్ కంటైనర్’ చట్టం చేయని రాష్ట్రాలకు వచ్చే రహదారి నిర్మాణ నిధుల్లో కొంత భాగాన్ని పక్కకు మళ్లించి, మద్యం మత్తులో జరిగే ప్రమాదాల నివారణ వంటి భద్రతా కార్యక్రమాలకే ఖర్చు చేయాలని షరతు పెట్టింది. మద్యం కొనే కనీస వయసును 21 ఏళ్లకు పెంచేలా రాష్ట్రాలను ఒప్పించడానికి 1984లో వాడిన ఉపాయమూ ఇటువంటిదే. ఆ పద్ధతి రాజ్యాంగబద్ధమేనని అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు చెప్పింది.

సమాఖ్య చట్టాల సంపుటిలో 23వ భాగం, 154వ సెక్షన్‌లో ‘తెరిచిన మద్యం పాత్ర’కు ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది: సీసా, డబ్బా లేదా మరే ఇతర పాత్ర అయినా, అందులో ఎంత పరిమాణంలోనైనా మద్యం ఉండి, అది తెరిచి ఉన్నా, దాని సీలు తెగి ఉన్నా, లోపలి పదార్థం కొంత తీసి ఉన్నా అది తెరిచిన పాత్రే.

ఈ వాక్యంలో రెండు మాటలు కప్పు సంగతి తేల్చేస్తాయి. ఒకటి ‘మరే ఇతర పాత్ర అయినా’ అన్నది. సీసా, డబ్బాలను పేరు పెట్టి చెప్పిన తర్వాత శాసనకర్తలు తలుపు బార్లా తెరిచి ఉంచారు. కాఫీ మగ్గు, నీళ్ల సీసా, స్టీలు ఫ్లాస్కు, థర్మోకోల్ కప్పు అన్నీ ఆ మాటలో ఇమిడిపోతాయి. రెండోది ‘ఎంత పరిమాణంలోనైనా’ అన్నది. అడుగున మిగిలిన ఒక గుక్క కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మూడు షరతుల్లో ఏ ఒక్కటి నెరవేరినా చాలు కాబట్టి, సీలు లేని కప్పు విషయంలో ‘తెరిచి ఉండటం’ అనే మొదటి షరతుతోనే నిర్వచనం పూర్తవుతుంది.

రాష్ట్రాల మాటల్లో

తెలుగువారు పెద్దసంఖ్యలో ఉంటున్న టెక్సస్‌లో శిక్షాస్మృతి 49.031 సెక్షన్ దాదాపు ఇదే నిర్వచనాన్ని వాడుతుంది. ప్రజా రహదారిపై ఉన్న వాహనంలో, ప్రయాణికులు కూర్చునే భాగంలో, తెలిసి తెరిచిన పాత్రను ఉంచుకోవడం నేరం. బండి నడుస్తోందా, ఆగి ఉందా, పార్క్ చేసి ఉందా అన్నదానితో నిమిత్తం లేదని చట్టంలో విస్పష్టంగా రాశారు. ఇది ‘క్లాస్ సి’ తరగతి చిన్న నేరం. గరిష్ఠ జరిమానా 500 డాలర్లు. కోర్టుకు హాజరవుతానని నోటీసుపై సంతకం చేస్తే, ఈ ఒక్క నేరానికి అరెస్టు చేయకుండా పోలీసులు వదిలిపెట్టాలి. అయితే అదే వ్యక్తి మద్యం మత్తులో నడుపుతూ పట్టుబడి, తెరిచిన పాత్ర కూడా చేతికందేచోట ఉంటే, ఆ నేరానికి విధించే కనీస నిర్బంధం 72 గంటల నుంచి ఆరు రోజులకు పెరుగుతుంది.

కాలిఫోర్నియా వాహన చట్టం కూడా ‘సీసా, డబ్బా లేదా ఇతర పాత్ర’ అనే వరుసనే అనుసరిస్తుంది. వర్జీనియా మరో దారి పట్టింది. తయారీదారు వేసిన సీలు చెక్కుచెదరని అసలు పాత్ర తప్ప, మద్యం ఉన్న ప్రతి పాత్రా తెరిచినదే అని ఆ రాష్ట్ర చట్టం చెబుతుంది. అంటే వర్జీనియాలో కప్పు గురించి వాదనకే తావు లేదు. కర్మాగారం నుంచి సీలుతో వచ్చినది కాదు కాబట్టి అది ఎప్పుడూ తెరిచినదే.

అన్ని రాష్ట్రాలూ ఒకే తీరులో లేవు. టెనసీలో నిషేధం డ్రైవరుకే పరిమితం. పక్క సీటులోని వ్యక్తి చేతిలో తెరిచిన బీరు ఉన్నా రాష్ట్ర చట్టం ప్రకారం నేరం కాదు. మిసిసిపీలో అసలు రాష్ట్రవ్యాప్త ఓపెన్ కంటైనర్ చట్టమే లేదు. అయితే రాష్ట్రం ఊరుకున్నచోట కూడా కౌంటీలు, నగరాలు సొంత నిబంధనలు చేసుకోవచ్చు. కనుక ‘ఈ రాష్ట్రంలో పర్వాలేదు’ అన్న స్నేహితుడి మాట ఆ ఊరికి వర్తించకపోవచ్చు.

మూత పెడితే సరిపోతుందా?

మూత, సీలు ఒకటి కావు. ప్లాస్టిక్ కప్పుపై బిగించిన మూతను క్షణంలో తీసి తాగి మళ్లీ పెట్టేయవచ్చు. సీలు అలా కాదు, ఒకసారి తెగితే ఆ సంగతి కంటికి కనిపిస్తుంది. చట్టం అడిగేది రెండోదాన్ని. కార్క్ తీసి మళ్లీ బిగించిన వైన్ సీసా, మరమూత తిప్పి పెట్టిన విస్కీ సీసా కూడా ఈ కారణంగానే తెరిచిన పాత్రలవుతాయి. సీసాను గోధుమరంగు కాగితపు సంచిలో దాచి తాగితే చట్టం వర్తించదని అమెరికాలోనూ ఒక నమ్మకం ఉంది. సంచి కంటికి అడ్డమే తప్ప చట్టానికి అడ్డం కాదు.

ఈ సూత్రానికి లూసియానాలో ఆసక్తికరమైన మినహాయింపు ఉంది. అక్కడ కారు దిగకుండానే కిటికీలోంచి డైక్విరీ అనే మంచు కలిపిన మద్యపానీయాన్ని కొనుక్కునే దుకాణాలు ఉన్నాయి. వాటిలో ఇచ్చేది వాడి పారేసే కప్పే. దాన్ని తెరిచిన పాత్రగా పరిగణిస్తే ఆ వ్యాపారమే సాగదు. అందుకని రాష్ట్ర చట్టం ఒక గీత గీసింది. ఇలాంటి గడ్డకట్టిన పానీయం ఉన్న కప్పు మూత తీయనంతవరకు, అందులోంచి స్ట్రా పొడుచుకు రానంతవరకు, పానీయం కొంతైనా తగ్గనంతవరకు అది తెరిచినది కాదు. కప్పుతో పాటు ఇచ్చిన స్ట్రాను లోపల గుచ్చిన మరుక్షణం అదే కప్పు నేరవస్తువుగా మారుతుంది.

2020లో కోవిడ్ వ్యాప్తితో రెస్టారెంట్లు మూతపడినప్పుడు, అనేక రాష్ట్రాలు కాక్‌టెయిళ్లను పార్సిల్‌గా అమ్మడానికి అనుమతించాయి. టెక్సస్ 2021లో ఆ వెసులుబాటును శాశ్వతం చేసింది. ఇక్కడ కూడా షరతు సీలుదే. తెరిస్తే తెలిసిపోయే విధంగా మూసిన పాత్రలోనే ఇవ్వాలి. దుకాణంవారు చట్టబద్ధంగా అమ్మారు కాబట్టి దారిలో ఒక గుక్క తాగినా తప్పులేదనుకోవడం పొరపాటు. అమ్మకానికి ఒక నిబంధన, ప్రయాణానికి మరొక నిబంధన.

కారులో ఎక్కడ పెట్టాలి?

కప్పు తెరిచినదే అని తేలాక, రెండో ప్రశ్న అది ఉన్న చోటు గురించి. చట్టాలు నిషేధించేది డ్రైవరు, ప్రయాణికులు కూర్చునే భాగంలో, వారి చేతికి అందేచోట ఉంచడాన్ని. సీటు కింద, తలుపు అరలో, తాళం వేయని డ్యాష్‌బోర్డు అరలో పెట్టినా ఆ భాగంలో ఉన్నట్టే. డిక్కీలో పెడితే నిషేధం వర్తించదు. డిక్కీ విడిగా లేని వాహనాల్లో చిట్టచివరి సీటు వెనుక భాగాన్ని సమాఖ్య ప్రమాణాలు మినహాయించాయి. తాళం వేసిన డ్యాష్‌బోర్డు అరకూ మినహాయింపు ఉంది. అద్దెకు నడిచే బస్సులు, లిమోజీన్‌ల ప్రయాణికులకూ, నివాసంగా మార్చిన బళ్లలో నివసించే భాగానికీ సడలింపు ఇచ్చారు. ఆ బండి నడిపే డ్రైవరుకు మాత్రం ఏ సడలింపూ లేదు.

మూత తీసిన సీసానైతే డిక్కీలో భద్రపరచవచ్చు, కప్పును డిక్కీలో పెడితే మొదటి మలుపులోనే ఒలికిపోతుంది. పార్టీ కప్పులతో వచ్చే చిక్కు ఇదే. చట్టం అనుమతించిన చోట దాన్ని పెట్టలేం, పెట్టగలిగిన చోట చట్టం అనుమతించదు. అందువల్ల బయలుదేరే ముందు కప్పును ఖాళీ చేసి పారేయడం తప్ప ఆచరణలో వేరే దారి లేదు.

విందు ముగిశాక ఇల్లు శుభ్రం చేసి, ఖాళీ సీసాలను, కప్పులను చెత్తసంచిలో వేసి వెనుక సీటులో పెట్టుకొని వెళ్లేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నిర్వచనంలో ‘ఎంత పరిమాణంలోనైనా’ అని ఉన్నందున, అడుగున ద్రవం మిగిలిన ప్రతి కప్పు ఒక తెరిచిన పాత్ర. పూర్తిగా పారబోసి, సంచిని డిక్కీలో పెట్టడం శ్రేయస్కరం.

వీధుల్లో లెక్క వేరు

నడిచి వెళ్లేవారికి వర్తించే నిబంధనలు ఎక్కువగా నగరపాలక సంస్థలవి. న్యూయార్క్ నగర పాలనా నియమావళి బహిరంగ ప్రదేశంలో మద్యం తాగడాన్నీ, తాగే ఉద్దేశంతో తెరిచిన పాత్రను పట్టుకొని ఉండటాన్నీ నిషేధించింది. తెరిచిన పాత్ర చేతిలో ఉంటే తాగే ఉద్దేశం ఉన్నట్టే భావించాలని కూడా అందులో ఉంది. కాదని నిరూపించుకునే అవకాశం మాత్రం నిందితుడికి ఉంటుంది. 2017 నుంచి ఈ ఉల్లంఘనలను చాలావరకు క్రిమినల్ కోర్టుకు పంపకుండా సివిల్ నోటీసులతో సరిపెట్టే విధానం అమల్లోకి వచ్చింది.

దీనికి పూర్తి భిన్నంగా ప్లాస్టిక్ కప్పునే చట్టబద్ధమైన పాత్రగా గుర్తించిన నగరాలూ ఉన్నాయి. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో మద్యం కప్పుతో తిరగవచ్చు. నిషేధమంతా పగిలి కాళ్లకు గుచ్చుకునే గాజు పాత్రల మీద. అక్కడి బార్లలో లేచి వెళ్లేవారు మిగిలిన పానీయాన్ని పోయించుకునే కప్పుకు ‘గో కప్’ అని పేరే ఉంది. జార్జియా రాష్ట్రంలోని సవానా నగరం తన చారిత్రక ప్రాంతం హద్దుల్లో ఒక మనిషికి ఒక పానీయాన్ని, 16 ఔన్సులకు మించని ప్లాస్టిక్ కప్పులో అనుమతిస్తుంది. ఆ హద్దు దాటి ఒక వీధి అవతలికి వెళ్లినా, కారు తలుపు తీసి లోపల కూర్చున్నా ఆ అనుమతి చెల్లదు. కప్పు మారలేదు, అందులోని పానీయం మారలేదు. మారిందల్లా అది ఉన్న చోటు.

లోపల ఉన్నది మద్యమేనని ఎవరు రుజువు చేయాలి?

సీసాకు, కప్పుకు నిర్వచనంలో తేడా లేకపోయినా, సాక్ష్యంలో తేడా ఉంది. సీసా మీద పేరు, మద్యం శాతం ముద్రించి ఉంటాయి. కప్పు మీద ఏమీ ఉండదు. మద్యం అంటే కనీసం 0.5 శాతం ఆల్కహాల్ ఉన్న పానీయమని చట్టాలు సాధారణంగా నిర్వచిస్తాయి. కప్పులోని ద్రవం ఆ గీత దాటిందని నిరూపించే బాధ్యత ప్రాసిక్యూషన్‌దే.

ఈ విషయంపై 2012 జూన్‌లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ క్రిమినల్ కోర్టు ఇచ్చిన తీర్పు చర్చనీయమైంది. వాసన చూసి బీరు అని తేల్చడం సరిపోదని, ద్రవాన్ని ప్రయోగశాలలో పరీక్షించి ఆల్కహాల్ శాతాన్ని చూపాలని న్యాయమూర్తి చెప్పి, కేసు కొట్టివేశారు. అక్కడితో ఆగకుండా, బ్రూక్లిన్‌లో ఒక నెలలో జారీ అయిన ఇటువంటి సమన్లను తన సిబ్బందితో పరిశీలింపజేశారు. వాటిలో సుమారు 85 శాతం నల్లజాతి, లాటినో పౌరులకు వెళ్లాయని, శ్వేతజాతీయులకు వెళ్లినవి దాదాపు 4 శాతమేనని తేలింది. ఒకే రకం కప్పు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి పోలీసుల చూపు మారుతోందన్న ప్రశ్న ఆ తీర్పుతో న్యాయస్థానపు రికార్డులోకి ఎక్కింది.

ఆ తీర్పు కింది కోర్టుది. అమెరికా అంతటా వర్తించేది కాదు. అనేకచోట్ల అధికారి వాంగ్మూలం, వాసన, నిందితుడే చెప్పిన మాట కలిసి సాక్ష్యంగా నిలుస్తాయి. వర్జీనియాలో ప్రయాణికుల భాగంలో తెరిచిన పాత్ర ఉండి, అందులో కొంత తగ్గి, డ్రైవరు తీరులోనో, మాటలోనో, వాసనలోనో తాగిన ఆనవాళ్లు కనిపిస్తే, బండి నడుపుతూ తాగాడని కోర్టు ప్రాథమికంగా భావించవచ్చు. కాదని చూపించుకునే వీలు డ్రైవరుకు ఉంటుంది.

అయితే శిక్షకు కావలసిన రుజువు వేరు, సోదాకు కావలసిన కారణం వేరు. కారులో నేరానికి సంబంధించిన వస్తువు ఉందని నమ్మడానికి తగిన ఆధారం ఉంటే వారెంటు లేకుండానే సోదా చేయవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1925లోనే చెప్పింది. మద్యనిషేధం అమల్లో ఉన్న ఆ రోజుల్లో ఆ కేసు కారు సీట్లలో దాచిన మద్యం గురించే కావడం విశేషం. కిటికీ దించగానే వచ్చే మద్యం వాసన, కప్‌హోల్డర్‌లో కనిపించే కప్పు కలిస్తే పోలీసుకు ఆ కారణం దొరికినట్టే. కప్పులో ఏముందని అడిగితే జవాబు చెప్పకుండా ఉండే హక్కు పౌరులకు, విదేశీయులకు కూడా ఉంది. కానీ అధికారిని చూసి ద్రవాన్ని కిటికీలోంచి పారబోయడం సాక్ష్యాన్ని నాశనం చేశారన్న మరో అభియోగానికి దారితీయవచ్చు.

మన చట్టం మనిషిని చూస్తుంది

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే వాహనం నడపడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. అమెరికాలో సాధారణ పరిమితి 0.08 శాతం, అంటే మన పరిమితికి రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ. యూటా ఒక్కటే 2018 డిసెంబరులో దాన్ని 0.05కు తగ్గించింది. అంకెలను చూసి అమెరికా చట్టం ఉదారంగా ఉందనిపించవచ్చు. కానీ అక్కడ పరిమితికి లోబడి ఉన్న డ్రైవరును కూడా పక్క సీటులోని కప్పు నేరస్థుణ్ణి చేయగలదు.

భారతదేశంలో రెండు నేరాలనూ వేరుచేసి చూపే ఒక ఉదాహరణ సుప్రీంకోర్టు 2019 జులై 1న ఇచ్చిన తీర్పు. మద్యనిషేధం ఉన్న బీహార్‌లోకి జార్ఖండ్ నుంచి కారులో వెళ్తున్నవారిని సరిహద్దు తనిఖీలో ఆపారు. కారులో మద్యం సీసా ఏదీ దొరకలేదు. శ్వాస పరీక్షలో మాత్రం ఆల్కహాల్ ఆనవాళ్లు కనిపించాయి. సొంత కారు ‘బహిరంగ ప్రదేశం’ కాదన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. ప్రజా రహదారిపై ఉన్న ప్రైవేటు వాహనాన్ని సమీపించే అవకాశం ప్రజలకు ఉంటుంది కాబట్టి అదీ బహిరంగ ప్రదేశమేనని తేల్చింది. అక్కడ పాత్ర లేదు, మనిషి శ్వాసే సాక్ష్యం. టెక్సస్‌లో మనిషి చుక్క తాగకపోవచ్చు, పాత్రే సాక్ష్యం.

మత్తులో బహిరంగంగా అనుచితంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ కింద 24 గంటల వరకు సాధారణ జైలు, 1,000 రూపాయల వరకు జరిమానా లేదా సమాజసేవ విధించవచ్చు. ఆ సెక్షన్ కూడా మనిషి ప్రవర్తన గురించే మాట్లాడుతుంది. చేతిలోని గ్లాసు గురించి కాదు.

ఆ కప్పు ఎంత పడుతుంది?

ఈ కప్పులకు మారుపేరుగా నిలిచిన సోలో సంస్థ 1936లో షికాగో ప్రాంతంలో మొదలైంది. ఎర్ర పార్టీ కప్పును 1970వ దశకంలో తెచ్చింది. 2012లో ఆ సంస్థను డార్ట్ కంటైనర్ కొనుగోలు చేసింది. కప్పు గోడలపై ఉన్న గీతలు విస్కీ, వైన్, బీరు కొలతలని ఒక ప్రచారం ఉంది. మద్యం కొలవడానికి ఆ గీతలు పెట్టలేదని సంస్థ వివరణ ఇచ్చింది.

అమెరికా లెక్కలో ఒక ప్రామాణిక ‘డ్రింక్’ అంటే సుమారు 14 గ్రాముల ఆల్కహాల్. 5 శాతం బీరైతే 12 ఔన్సులు, అంటే 355 మిల్లీలీటర్లు. 12 శాతం వైనైతే 5 ఔన్సులు, సుమారు 150 మిల్లీలీటర్లు. 40 శాతం విస్కీ, వోడ్కాలైతే ఒకటిన్నర ఔన్సు, సుమారు 44 మిల్లీలీటర్లు. మామూలు పార్టీ కప్పు 16 నుంచి 18 ఔన్సులు, అంటే అరలీటరుకు అటూ ఇటూగా పడుతుంది. అందులో సగానికి విస్కీ పోస్తే అయిదు డ్రింకులకు పైమాటే. ‘ఒక్క కప్పే తాగాను’ అన్న మాటకు కొలతగా విలువ లేకపోవడానికి కారణం ఇదే.

విద్యార్థులకు జరిమానా కంటే పెద్ద చిక్కు

2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. విదేశీ విద్యార్థుల్లో వారే అత్యధికులు. వారికి ఈ చట్టం వల్ల వచ్చే నష్టాన్ని డాలర్లలో కొలవలేం.

మద్యం మత్తులో వాహనం నడిపిన ఆరోపణపై అరెస్టయితే, శిక్ష పడకముందే వీసాను రద్దు చేసే విధానాన్ని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి అనుసరిస్తోంది. తెరిచిన పాత్ర కేసు దానితో సమానం కాదు. ఒక్క జరిమానా నోటీసుతో వీసా పోతుందని భయపడనక్కరలేదు. కానీ ఆ కప్పు కారణంగా మొదలైన సోదా, ఆపై శ్వాస పరీక్ష, ఆపై అరెస్టుగా మారితే పరిస్థితి తలకిందులవుతుంది. వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. పౌరసత్వ దరఖాస్తులోనైతే అధికారుల నుంచి నోటీసు అందుకున్నారా అని కూడా అడుగుతారు. చిన్న విషయమే కదా అని దాచిపెడితే, అసలు నేరం కంటే ఆ అబద్ధమే పెద్ద అడ్డంకి అవుతుంది. 2025 వసంతంలో వేలాది విదేశీ విద్యార్థుల నమోదు రికార్డులను అమెరికా ప్రభుత్వం రద్దు చేసి, కోర్టు కేసుల నేపథ్యంలో మళ్లీ పునరుద్ధరించింది. ఆ బాధితుల్లో చిన్నపాటి ట్రాఫిక్ ఉల్లంఘనలున్నవారూ ఉన్నారు.

21 ఏళ్లు నిండనివారికి నిబంధనలు మరింత కఠినం. కాలిఫోర్నియాలో 21 లోపువారు, తల్లిదండ్రుల వంటి పెద్దలు వెంట లేకుండా నడిపే కారులో సీలు తెరవని మద్యం ఉన్నా నేరమే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనూ మద్యం కొనుగోలుకు కనీస వయసు 21 ఏళ్లే కాబట్టి ఆ పరిమితి మనవారికి కొత్తది కాదు. సీలు తీయని సీసా వెంట ఉండటమే నేరం కావడం మాత్రం కొత్త.

ఇవి గుర్తుంచుకుంటే చాలు

మద్యం పోసిన కప్పు తెరిచిన పాత్రే. దానిపై మూత పెట్టినా అంతే, లూసియానా వంటి అరుదైన మినహాయింపులను మరోచోటికి వర్తింపజేసుకోకూడదు. కారులో తాగనివారు ఉన్నా, బండి ఆగి ఉన్నా ఆ కప్పు ప్రయాణికుల భాగంలో ఉండరాదు. స్నేహితులను ఇళ్లకు దింపే బాధ్యత తీసుకున్న, చుక్క తాగని వ్యక్తికి ఇది మరీ ముఖ్యం. ప్రయాణికుల కప్పులకూ నిషేధం వర్తించే రాష్ట్రాల్లో, వెనుక సీటులో స్నేహితుడు పట్టుకున్న కప్పు గురించి తెలిసీ బండి నడిపితే, స్నేహితుడితో పాటు డ్రైవరు పేరిట కూడా నోటీసు రావచ్చు. అందువల్ల తాళంచెవి తిప్పేముందు సీటుబెల్టులతో పాటు అందరి చేతులూ చూసుకొని, కప్పులను విందు జరిగిన ఇంట్లోనే వదిలి రమ్మని చెప్పాలి.